చావు లేని మొగుడు

గేట్లు, గ్రిల్సు చేసే వర్క్‌షాపు పైన ఒక గది. కింద గ్రైండరు ఇనుమును కోస్తూనే ఉంది. తలుపుకి లోపల గడియ పెట్టి ఉంది. గదిలో ఉన్నది వర్క్‌షాపు యజమాని, అతని తల్లి. గోడమీది మీసాలాయన్ని కూడా లెక్కేసుకుంటే ముగ్గురు.

“...ముందు చెప్పేది వినమ్మా. మాటకి మాట అంటించకు. మన పిల్లని చూడ్డానికి మగపెళ్ళివాళ్ళు వస్తారు, కూర్చుంటారు, కాఫీ తాగుతారు, పోతారు. వాళ్ళున్నంతసేపూ నువ్వు విధవ్వి. అంతే.”

“వచ్చినవాళ్ళు ఉన్నంతసేపూ విధవగా ఉండి, వాళ్ళు పోయాక మానేస్తారట్రా ఎవరైనా?”

“నువ్వు మానేద్దువుగాని. నేనేం అనను.”

“ఇంతకీ ఎవర్రా ఆ మీసాలాయన?”

“ఏ మీసాలాయన?”

“గోడమీద. పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి మేకు కొట్టి తగిలించావే. దండ కూడా వేశావు.”

“మా నాన్న.”

“మీ నాన్నా?”

“మా నాన్నే. రైల్వేలో గార్డు. నా చిన్నప్పుడే జ్వరమొచ్చి పోయాడు. వాళ్ళకి అలాగే చెప్పాను. నువ్వూ అలాగే చెప్పు. అసలేమీ చెప్పకపోతే మరీ మంచిది.”

“మీ నాన్నకి ఇంత ముక్కు లేదురా.”

“అమ్మా.”

“ఉన్నమాటే. మీ నాన్నది చిన్న ముక్కు, నీ ముక్కు లాగే. ఈయనెవరో పాపం, నాలుగిళ్ళ అవతల పొయ్యి మీద ఏముందో ఇక్కణ్ణించే చెప్పేలా ఉన్నాడు. ఎక్కడ దొరికాడు?”

“పాత ఫోటో స్టూడియో మూసేస్తుంటే పటాలన్నీ అమ్మకానికి పెట్టారు. తెచ్చాను.”

“ఎవరి మొగుణ్ణో తెచ్చి నాకు కట్టబెట్టావన్నమాట. బతికే ఉన్నాడేమోరా. ఏ పార్కులోనో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడేమో. నువ్విక్కడ దండేసి చంపేశావు.”

“నవ్వకు. నాకు నవ్వు రావట్లేదు. ఇదిగో చీర. కట్టుకో.”

“తెల్లదా?”

“తెల్లదే.”

“పుట్టి బుద్ధెరిగాక తెల్లది కట్టలేదురా నేను.”

“ఇవాళ కడతావు. గాజులు తీసెయ్. బొట్టు తుడుచుకో. మెడలోది తీసి నాకివ్వు, బీరువాలో పెడతాను. వాళ్ళు వెళ్ళాక మళ్ళీ వేసుకుందువుగాని.”

“బీరువాలో పెట్టేదైతే ఇన్నేళ్ళూ మెడలో ఎందుకు మోశాను?”

“ఎందుకు మోశావో నాకేం తెలుసు.”

“తెలుసు నీకు.”

“తెలీదు.”

“స్వామి ఎదురుగా నన్ను పీటమీద కూర్చోబెట్టి కట్టారు. తొమ్మిదేళ్ళ పిల్లని. పక్కన పెళ్ళికొడుకు ఉండాల్సిన చోట స్వామి కత్తి పెట్టారు. ఆ కత్తికీ నాకూ ముడేసి...”

“ఆ కథ ఎత్తకు. కింద పనివాళ్ళున్నారు.”

“గ్రైండరు ఆపకుండా నడపమని చెప్పొచ్చావుగా. నేను గొంతు చించుకున్నా కిందికి వినపడదు. నువ్వు గడియ పెట్టినప్పుడే అనుకున్నాను, వీడు మాట్లాడడానికి రాలేదని.”

“మాట్లాడడానికే వచ్చాను.”

“మరి ఆ చేతిలోదేమిటి?”

“కటింగ్ ప్లేయర్. పనిలో ఉండి అలాగే పైకొచ్చాను.”

“జేబులో పెట్టుకోరా. చూస్తుంటే ఏదోగా ఉంది.”

“నువ్వు మాట వింటే జేబులోనే ఉంటుంది. చూడమ్మా, పెళ్ళికొడుకు తల్లి కరెంటాఫీసులో చేసి రిటైరైంది. మొగుడు పోయాక ఒంటిచేత్తో పిల్లాణ్ణి పెంచింది. పట్టింపుల మనిషి. ‘మాకు కట్నాలొద్దు అన్నయ్యగారూ, కుటుంబం మంచిదైతే చాలు’ అంది. కుటుంబం. విన్నావా? ఆవిడ ముందు నువ్వు ఇంత బొట్టు పెట్టుకుని, చేతినిండా గాజులేసుకుని, మెడలో అది వేలాడేసుకుని కూర్చుంటే, మీవారెక్కడా అని అడగదూ? అడిగితే ఏం చెబుతావు?”

“గుడిలో ఉన్నాడని చెబుతాను.”

“అదిగో. అందుకే గడియ పెట్టింది.”

“మొగుడు చస్తే కదరా ఆడది విధవయ్యేది. నా మొగుడు చావడు.”

“రాయమ్మా అది. రాయి.”

“రాయే. రాయి కాబట్టే చావడు. ఎంతమంది పెద్దింటి ఆడవాళ్ళు పళ్ళేలు పట్టుకుని మన గుమ్మంలోకి వచ్చేవాళ్ళురా, పెళ్ళికూతురి నల్లపూసలు నా చేత గుచ్చించుకోడానికి. నా చేయి పడితే వాళ్ళ పిల్ల పుణ్యస్త్రీగా పోతుందని. నీ కూతురూ అదే అడిగింది మొన్న, నానమ్మా, నావి నువ్వే గుచ్చాలి అని.”

“ఆ పళ్ళేలు పట్టుకొచ్చినవాళ్ళు వీధి మలుపు తిరగ్గానే ఏమనుకునేవాళ్ళో నీకు తెలీదు. నాకు తెలుసు. నువ్వు బడికి వెళ్ళలేదు, నేను వెళ్ళాను. మాస్టారు తండ్రి పేరేమిట్రా అని అడిగితే వెనక బెంచీవాడు లేచి, ‘ఊళ్ళో అందరివీ రాసుకోండి సార్’ అన్నాడు. క్లాసు క్లాసంతా నవ్వింది. మాస్టారూ నవ్వాడు.”

“తెలుసు.”

“వాడి పళ్ళు రాలగొట్టాను. వాళ్ళ నాన్న వచ్చి నన్ను స్తంభానికి కట్టేసి బెల్టుతో కొట్టాడు. ఒంటికి చొక్కా అంటుకుపోయి ఇంటికొస్తే, నువ్వు నీళ్ళతో తడిపి తడిపి ఊడదీశావు. ఎందుకు కొట్టార్రా అని ఒక్కమాట అడగలేదు.”

“ఎందుకో తెలిసినదాన్ని ఏమని అడుగుతాను?”

“నన్ను కన్నాయన పోయినరోజు? మావయ్య నన్ను భుజాన వేసుకుని శ్మశానానికి తీసుకెళ్ళాడు. ఒక్కసారి ముఖం చూపించండయ్యా, వీడూ కొడుకే అన్నాడు. రాళ్ళేశారు. చితి ముట్టించినవాడే, నా అన్నగారు, మొదటి రాయి వాడే వేశాడు. ఈ కణత మీద మచ్చ దేనిదనుకున్నావు? అదే రోజు సాయంత్రం నువ్వేం చేశావు?”

“ఆ రోజు గుడిలో నా వంతు.”

“గజ్జె కట్టావు.”

“కట్టాను. ఆయన నన్ను పోషించాడు. మంచివాడే. కానీ ఆయన నా మొగుడు కాడురా. పోతే కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాను, తుడుచుకుని గుడికి వెళ్ళాను. బొట్టు ఎందుకు తుడుచుకుంటాను?”

“నాకు మాత్రం తండ్రి.”

“ఆ సంగతి కాదనలేదు నేను.”

“రాళ్ళు తగిలింది నాకు. నీకు కాదు.”

“నాకు తగల్లేదా? ఒరేయ్, ఇటు చూడు. చట్టం వచ్చిన ఏడాది నువ్వు చిన్నవాడివి, గుర్తుందో లేదో. ఇక గుడిలో ఆడకూడదన్నారు. మంచిదే అనుకున్నాను. నా వెనక ఇంకో తొమ్మిదేళ్ళ పిల్లని ఆ పీటమీద కూర్చోబెట్టరు కదా అని సంతోషించాను కూడా. మర్నాడే మన మగవాళ్ళంతా సంఘం పెట్టుకున్నారు. కులానికి కొత్తపేరు పెట్టుకున్నారు. మీ మావయ్య దానికి ప్రెసిడెంటు. ఇంటికొచ్చి, ‘ఇవాళ్టినుంచి మనం పరువుగల వాళ్ళం’ అన్నాడు.”

“తప్పేముంది అందులో?”

“తప్పేం లేదు. మన ఇంట్లో ఆస్తి ఆడవాళ్ళది. మా అమ్మమ్మ నుంచి మా అమ్మకి, మా అమ్మనుంచి మాకు వచ్చిన ఇల్లు. పరువు రాగానే అది మీ మావయ్య పేర పడింది. అదేమిట్రా అని మీ పెద్దమ్మ అడిగింది. నా ఇంట్లో నన్ను కూర్చోబెట్టి తిండి పెట్టేవాడివి నువ్వెవడివి అంది. నేను పెళ్ళిళ్ళలో ఆడి బతుకుతాను అంది.”

“చాలు. అది నాకు తెలుసు.”

“తెలిస్తే నువ్వే చెప్పు. ఏం చేశారు?”

“అమ్మా, టైమవుతోంది.”

“చెప్పరా.”

“...కొట్టారు.”

“కొట్టడం కాదు. ఇద్దరు చేతులు పట్టుకున్నారు. మీ మావయ్య రోకలి తెచ్చాడు. రెండు మోకాళ్ళూ. మొదటి మోకాలు విరిగాక అక్క, ‘ఇక ఆడనురా, ఆడను’ అంది. అయినా రెండోది వదల్లేదు. బయటివాళ్ళు కాదు, పెద్దింటివాళ్ళు కాదు. మన మగాళ్ళు. తరవాత పదేళ్ళు అక్క పిర్రల మీద పాకింది. రాళ్ళు నీకొక్కడికే తగిలాయా?”

“నేను మావయ్యని కాదు.”

“కాదనే అనుకున్నాను మొన్నటిదాకా.”

“మొన్నేం చేశాను?”

“కెమెరా పిల్లని కొట్టావు.”

“కొట్టనా మరి? పాల డిపో దగ్గర పదిమందిలో నిలబడి ‘గుడిలో నాట్యం చేసిన పెద్దావిడ ఇల్లెక్కడండీ’ అని అడిగింది. పాతికేళ్ళు, అమ్మా. పాతికేళ్ళుగా ఈ వీధిలో నేను గ్రిల్సు మేస్త్రిని, తరవాత గ్రిల్సు సారుని. ఒక్క నిమిషంలో ఏమయ్యాను? డిపోవాడు నా వంక ఎలా చూశాడో తెలుసా?”

“కెమెరా నేలకేసి కొట్టావు. సరే. ఆ పిల్ల చెవిలోంచి రక్తం కారేలా కొట్టడమెందుకు? చదువుకునే పిల్ల, నా ఫోటోలు తీసుకుందామని వచ్చింది. చెప్పులు గుమ్మం బయట విడిచి, నా కాళ్ళకి దణ్ణం పెట్టింది. ‘మీరు గొప్ప కళాకారిణి’ అంది. ఆ మాట నన్నెవరూ ఎప్పుడూ అనలేదురా. ఇన్ని పేర్లు పెట్టారు గానీ. చిన్నప్పుడు ‘స్వామివారి ఇల్లాలు’ అన్నారు. కాస్త ఎదిగాక ‘సాని’ అన్నారు. చట్టం వచ్చాక ఆఫీసువాళ్ళు వచ్చి, ‘ఉద్ధరింపబడిన స్త్రీ’ అని రాసుకుని కుట్టుమిషను ఇచ్చిపోయారు. ఆ పిల్ల ‘కళాకారిణి’ అంది. ఇవాళ నువ్వు ‘గార్డుగారి భార్య’ అంటున్నావు. ఇందులో ఒక్క పేరూ నేను పెట్టుకున్నది కాదు.”

“కళాకారిణి. ఆ మాట నీకు కాదమ్మా. నీ దగ్గర ఏడేళ్ళు దొంగచాటుగా నేర్చుకుందే లాయరుగారి కూతురు, ఆవిడకి. స్కూలు పెట్టింది. స్టేజీ ఎక్కితే శాలువాలు కప్పుతున్నారు. ఎవరి దగ్గర నేర్చుకున్నారని పేపరువాళ్ళు అడిగితే, ‘పాత గ్రంథాలు చూసి నేర్చుకున్నాను’ అంది. చదివి నీకు వినిపించింది నేనే. అదే అడుగు, అదే చెయ్యి. వాళ్ళు ఆడితే కళ. మనం ఆడితే కులం. ఆ సంగతి నాకు అర్థమైంది. నీకు అర్థం కాలేదు, నీ మనవరాలికి అర్థం కాలేదు.”

“దాని ఊసెత్తకు.”

“ఎందుకెత్తను? నిన్న పైకొచ్చేసరికి అదేం చేస్తోంది ఈ గదిలో? చీర ఎగ్గట్టి, నువ్వు కర్రతో తాళం వేస్తుంటే...”

“సరదాపడింది. నేర్పించాను.”

“పెళ్ళిచూపులు పెట్టుకుని సరదానా?”

“అరికాళ్ళ మీద కొట్టావు. ఎదిగిన పిల్లని మంచానికేసి నొక్కిపెట్టి, బెల్టు తీసి, అరికాళ్ళ మీద.”

“మొహం మీద కొడితే కనపడుతుందని. ఏమిటలా చూస్తావు?”

“ఏం లేదు. ఎంత ఆలోచించి కొట్టావో అని చూస్తున్నాను. పొద్దున కాలు నేలకి ఆనించలేకపోయింది. వాళ్ళముందు ఎలా నడుస్తుంది?”

“మెట్లు దిగుతుంటే బెణికిందని చెబుతాం.”

“ఈ సంబంధం దానికి ఇష్టమేనా? అడిగావా?”

“అడిగేదేముంది? అబ్బాయి మంచివాడు. ఇక్కణ్ణించి దూరంగా ఉద్యోగం. అక్కడ దాన్ని ఎవరూ ఎరగరు. దాని పిల్లల్ని తండ్రి పేరేమిట్రా అని అడిగితే టక్కున చెబుతారు. అంతకన్నా ఏం కావాలి? అమ్మా, మన పాత ఇంటి తలుపు గుర్తుందా నీకు? చట్టం వచ్చాక కూడా తాగొచ్చి తన్నేవాళ్ళు. ‘తియ్యవే, తియ్యవే’ అని. నువ్వు దీపం ఆర్పేసి నన్ను బల్లకింద కూర్చోబెట్టేదానివి. నా చేతిలో కూరగాయల కత్తి ఉండేది. ఎనిమిదేళ్ళవాణ్ణి. తలుపు ఊడితే ఎవణ్ణి ముందు పొడవాలా అని లెక్కేసుకుంటూ కూర్చునేవాణ్ణి. నాకిప్పటికీ తలుపు చప్పుడైతే చెయ్యి కత్తి కోసం వెతుకుతుంది. అందుకే ఇనప తలుపులు చేసే పనిలో పడ్డాను. తెలుసా నీకు?”

“తెలీదు నాన్నా.”

“నా కూతురు తలుపుని ఎవడూ తన్నకూడదు. అంతే నాకు కావలసింది.”

“తలుపు తన్నినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఇంకా బతికే ఉన్నారు. ఒకడి ఇంటికి నువ్వే గేటు చేసిచ్చావు, దగ్గరుండి బిగించొచ్చావు. వాళ్ళని ఒక్కణ్ణి కూడా కొట్టలేదేరా నువ్వు. కొట్టడానికి ఆ కెమెరా పిల్ల దొరికింది, నీ కూతురు దొరికింది. ఇవాళ నేను.”

“నిన్ను కొడతానని ఎవరన్నారు?”

“మరి ఆ ప్లేయర్ ఎందుకురా?”

“చీర కట్టుకో.”

“కట్టుకోను. నీ కూతురికి అన్నీ చెప్పి, ఇష్టమైతే చెయ్యి. ఇష్టం లేకపోతే ఆపు.”

“దాని ఇష్టమేమిటి మధ్యన? దానికి గట్టిగానే చెప్పాను. ఇంకోసారి గజ్జె మాటెత్తితే మోకాళ్ళు విరగ్గొట్టి మూల కూర్చోబెడతానని.”

“ఏమన్నావు?”

“ఏమన్నాను?”

“మోకాళ్ళు అన్నావు.”

“కోపంలో వచ్చిందమ్మా మాట.”

“మీ మావయ్యా ముందు కోపంలోనే అన్నాడు.”

“ఇక చాలు. చెయ్యి ఇలా ఇవ్వు.”

“ఇవ్వను.”

“గాజులు తియ్యి.”

“రావు. చేతులు వాచాయి, సబ్బు రాసినా రావు.”

“అయితే పగలగొట్టాలి.”

“వదులు. వదులురా, మణికట్టు.”

“పిడికిలి విప్పు.”

“విప్పను.”

“అమ్మా, నా చేత ఈ పని చేయించకు. దణ్ణం పెడతాను.”

“నేను చేయిస్తున్నానా?”

“విప్పు.”

“విప్పను. కొట్టు. గోడ అదిగో.”

“...”

“ఈ చేతికి ఇంకా రెండు గాజులున్నాయి. ఒకటి విరిగి లోపలికి దిగింది. చూసి కొట్టు.”

“ఎందుకు కదిపావు చెయ్యి? కదపకుండా ఉంటే గుచ్చుకునేది కాదు.”

“తప్పు నాదేలే. ఈ చేతికి అన్నీ పోయాయి, ఇదిగో రెండో చెయ్యి.”

“గుడ్డ కట్టనీ ముందు. రక్తం కారుతోంది.”

“ముందు రెండోది కానివ్వు. అయ్యాక ఒకేసారి కట్టుకోవచ్చు.”

“...”

“ఆఁ... అయిందా? అయింది. నాయనా, మొగుడు పోయినదానికి ఈ పని ఎవరు చేస్తారో తెలుసా? అంతకు ముందే మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడవాళ్ళు చేస్తారు. ఏడుస్తూ చేస్తారు. కన్నకొడుకు చేసింది నేనెక్కడా వినలేదు.”

“మాట్లాడకు. ముఖం ఇటు తిప్పు. బొట్టు.”

“రుద్దకు అంతలా, తోలు ఊడొస్తుంది. ఎన్నేళ్ళ కుంకం అది. కింద మచ్చ పడిపోయింది. తుడిస్తే పోదు.”

“విభూతి పెడతాను దాని మీద. కదలకు. ఇప్పుడు మెడ.”

“అది వద్దురా.”

“తల దించు.”

“ఒరేయ్, గాజులు పగలగొట్టావు. బొట్టు తుడిచావు. అది జాకెట్టు లోపలికి తోసేస్తాను, పైకి కనపడదు. అది మాత్రం వదిలెయ్. నీ కాళ్ళు పట్టుకుంటాను. చూడు, పట్టుకుంటున్నాను.”

“లే. లేమ్మా. తల్లివి నా కాళ్ళు పట్టుకుంటావేమిటి. నువ్వు వంగినప్పుడల్లా అది బయటికొస్తుంది. ఆవిడ చూస్తుంది. తల దించు.”

“బంగారం తీగె మీద అల్లించాను. తెగదు.”

“గేట్లు కోసే చేతికి తీగె ఒక లెక్కా. కదలకు, ప్లేయర్ చర్మానికి తగులుతుంది. కదలొద్దన్నానా, ఎందుకు గింజుకుంటావు? చూడు, కోసుకుంది. చూడు.”

“...”

“తెగింది. అమ్మా, మాట్లాడు. ఏడవనన్నా ఏడువు.”

“ఎవరికోసం?”

“నేనేం రాక్షసుణ్ణి కాదు. దానికోసం చేశాను. పెళ్ళయిపోయాక నీ ఇష్టం. కొత్త తీగె చేయిస్తాను, ఇంతకన్నా లావుది.”

“అలాగే.”

“నన్నలా చూడకు.”

“చీర ఇవ్వు. కట్టుకుంటాను.”

“కట్టుకుంటావా?”

“తెల్లగా బాగానే ఉంది. ఇస్త్రీ కూడా చేయించావే. అటు తిరుగు.”

“కింద గ్రైండరు ఎప్పుడు ఆపేశారో. వాళ్ళొచ్చి చాలాసేపైనట్టుంది. ఈ ముక్కలు... మంచం కిందికి తోస్తాను. చేతులు కొంగులో పెట్టుకో. అమ్మా, చెబుతున్నాను విను. నువ్వు నోరు జారావంటే ఈ సంబంధం పోతుంది. పోతే అది జన్మంతా ఇక్కడే, నా చేతికిందే పడుంటుంది. ఆపైన దానికేమైనా నన్ననకు.”

“నీ చేతికిందే.”

“ఆఁ. గుర్తుపెట్టుకో.”

“గుర్తుంటుంది. గడియ తియ్యి. ఎవరో మెట్లెక్కుతున్నారు.”

అతను గడియ తీశాడు. మెట్లెక్కి వచ్చింది పెళ్ళికొడుకు తల్లి ఒక్కతే.

“అయ్యో, మీరెందుకు పైకొచ్చారు చెల్లెమ్మగారూ? నేనే కిందికి తీసుకొద్దును. రండి, ఇలా కూర్చోండి. మా అమ్మ. పెద్దగా మాట్లాడదు. వయసైంది, చెవులు కూడా కాస్త...”

“ఫరవాలేదు అన్నయ్యగారూ. ఇంట్లో పెద్దావిడ ఉంటే ముందు ఆవిణ్ణి చూడాలి కదా. నమస్కారం పిన్నిగారూ. లేవకండి, లేవకండి. అమ్మాయిని చూశాం. కళగా ఉంది. కాలు బెణికిందట పాపం.”

“మెట్లండీ. నిన్న చూసుకోకుండా దిగింది.”

“మీ ఆవిడ చెప్పారు. అమ్మాయి మాత్రం ఏమీ చెప్పలేదు, ఎన్నిసార్లు అడిగినా. ఈయనేనా మీ నాన్నగారు?”

“ఆయనేనండీ. రైల్వేలో గార్డు. నా చిన్నప్పుడే పోయారు. నలభై అయిదేళ్ళ పైమాటే.”

“నిండైన మనిషి. పాపం పిన్నిగారూ, అంత చిన్నవయసులో. ఆ కష్టం నాకు తెలుసు. మావాడికి మూడో ఏడు నడుస్తుంటే మా ఆయన పోయారు. మగదిక్కు లేని ఇంటి తలుపంటే ఊళ్ళో అందరికీ అలుసే.”

“ఆ సంగతులెత్తితే ఆవిడకి బాధండీ. కిందికి వెళదాం, కాఫీ చల్లారిపోతుంది.”

“వెళదాం. ఒక్క నిమిషం. పిన్నిగారూ, ఆ కొంగుకి ఎరుపేమిటి?”

“గ్లాసు పగిలిందండీ. మంచినీళ్ళు తాగుతుంటే చెయ్యి జారి...”

“ఏదీ, చూడనివ్వండి. అయ్యయ్యో. రెండో చెయ్యి కూడా? గ్లాసు రెండు చేతులకీ పగిలిందా అన్నయ్యగారూ?”

“అంటే... ముక్కలు ఏరబోయి...”

“మీరు కాస్త ఆగండి. పిన్నిగారూ, ఇటు చూడండి, నా చేతులు. ఈ మచ్చలు చూశారా? మా ఆయన పోయినప్పుడు మా ఆడపడుచులిద్దరూ నా చేతులు పట్టుకుని గోడకేసి కొట్టారు. ముక్క లోపలే ఉండిపోయి చీము పట్టింది. గ్లాసు కోసిన గాయం ఇలా ఉండదు. మణికట్టు చుట్టూ ఇలా కోసేవి గాజులే. మీ మెడమీద కూడా తెగింది. పచ్చిగా ఉంది, ఇంకా ఆరలేదు.”

“చెల్లెమ్మగారూ, మీరేదో అపోహ పడుతున్నారు. పెద్దావిడ, మతి సరిగ్గా ఉండదు. తనే ఏదో...”

“అన్నయ్యగారూ, నలభై అయిదేళ్ళ కిందట పోయినాయన కోసం ఇవాళ పగలగొట్టుకోరండీ గాజులు. పిన్నిగారూ, మీరు చెప్పండి. భయపడకండి, నేనున్నాను. ఇవాళ ఈ ఇంట్లో పోయిందెవరు?”

“అమ్మా.”

“మీరు చెప్పండి పిన్నిగారూ.”

“అమ్మా, వద్దు.”

“మా ఆయనకేం తల్లీ, నిక్షేపంగా ఉన్నాడు. ఆయనకి చావు లేదు. పోయింది నా కొడుకు. అడుగో, మీ వెనకాల నిలబడి ఉన్నాడే, వాడే.”